బయానాకు ముందొక మాట

ముప్ఫై తొమ్మిదేళ్ళ కాపురంలో పదకొండు అద్దె ఇళ్ళు మారాను నేను. మావారు బడిపంతులు. కావలి, బిట్రగుంట, అల్లూరు, కోవూరు, నెల్లూరు... ఆయనకి బదిలీ ఎక్కడికైతే మా మంచాలూ పప్పుడబ్బాలూ అక్కడికి. ఏ ఇంట్లోనైనా సరే, గోడకి ఒక్క మేకు కొట్టాలంటే ఇంటివాళ్ళ మొహం చూడాలి. అంచేత ఆయన రిటైరై వచ్చిన సాయంత్రం, ఆ శాలువా మడత పెట్టి బీరువాలో దాస్తూ చెప్పేశాను: "ఇంక మన మేకు మన గోడకే కొట్టాలండీ!"

"కొడదాంలే" అన్నారాయన, సుత్తి వెతికితే చాలన్నంత తేలిగ్గా.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొని చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. కట్టడంలో కష్టం కళ్ళకి కనపడుతుంది: ఇటుక, సున్నం, మేస్త్రీ నాగా. కొనటంలో కష్టం కాయితాల్లో ఉంటుంది. కాయితాలు చదవటం ఆడవాళ్ళ పని కాదని ఒక నమ్మకం. ఇప్పుడు నేను చెప్పబోయేది ఆ నమ్మకం వల్ల మాకు జరిగిన నష్టం, అది పోయాక జరిగిన లాభం.

నష్టం ముందు చెబుతాను. 1994లో నెల్లూరులోనే ఒక పేటలో రెండు గదుల ఇల్లు అమ్మకానికుందంటే చూశాం. నచ్చింది. అమ్మేవాళ్ళు పెద్దమనుషులు, మాకు కాఫీ ఇచ్చారు. మావారిది మాట మీద బతికిన వంశం. పదిహేను వేలు బయానా అక్కడికక్కడే చేతిలో పెట్టి, నమస్కారం పెట్టి వచ్చేశారు. ఆ పదిహేను వేలూ నా నాలుగు గాజులు. మిగతా సొమ్ము బ్యాంకు అప్పు ఇస్తుందని ధైర్యం. తీరా బ్యాంకు లాయరు కాయితాలు చూసి, నడుమ ఒక లింకు దస్తావేజు లేదు, అప్పు కుదరదన్నాడు. బయానా వెనక్కి అడిగితే, "మీకు అప్పు పుట్టకపోతే అది మా తప్పా మాస్టారూ?" అన్నారు వాళ్ళు. నిజమే కదా! అప్పు పుట్టకపోతే ఏం చెయ్యాలో మేం అనుకోలేదు, రాసుకోలేదు. రాయని మాటకి ఎవరి అర్థం వాళ్ళకుంటుంది. గాజులు పోయాయి. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు గానీ, పండగపూట చేతులకి గోరింటాకు పెట్టుకున్నప్పుడల్లా మావారు కిటికీలోంచి బయటికి చూసేవారు.

ఇక రెండో ప్రయత్నం 2022 వేసవిలో. ఈసారి మావారికి సముద్రం కావాలి. పొద్దున్నే లేచి అలల చప్పుడు వింటూ పేపరు చదవాలిట! సరే అని మైపాడు వెళ్ళాం. అక్కడ ఒకాయన చూపించిన స్థలం చూస్తే ఎవరికైనా మనసవుతుంది, సర్వితోపు పక్కనే. కానీ సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపల కట్టడాల మీద 1991 నుంచీ కేంద్ర ప్రభుత్వం ఆంక్షలు పెట్టింది. అది చాలదన్నట్టు, తీరం వెంట చాలా భూములు ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూములు. వాటి చేతులు మారకుండా 1977లోనే చట్టం వచ్చింది. అలాంటివి అప్పట్లో 22-ఎ జాబితా అని, రిజిస్టరు చెయ్యకూడని భూముల జాబితాలో ఉండేవి. సర్వే నెంబరు ఇస్తే చాలు, ఆ జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు. మేం చూసిన స్థలం అందులో భద్రంగా ఉంది. మావారు సముద్రానికో దణ్ణం పెట్టి వెనక్కి తిరిగారు.

తిరిగొచ్చే దారిలో, సముద్రానికి నాలుగు మైళ్ళ ఇవతల, ఇందుకూరుపేట వైపు ఒక ఊళ్ళో దొరికిందండీ ఇల్లు. ముందు పెంకుల వసారా, వెనక మూడు గదుల మిద్దె, పెరట్లో బావి, రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగచెట్టు. ఆ వసారాలో నిలబడితే సముద్రం కనపడదు గానీ, మధ్యాహ్నం మూడింటికి సముద్రపు గాలి మాత్రం మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. నాకు అక్కడే ప్రాణం లాగేసింది. ఏ గోడకి ఏ మేకో కూడా మనసులో కొట్టేసుకున్నాను.

అయితే గాజులు పోయిన మనిషిని కదా, ఈసారి కళ్ళు తెరుచుకుని చూశాను.

మొదట గోడ చూశాను. ఇల్లంతా పాత సున్నమే, నడుం ఎత్తు దాకా మాత్రం కొత్త సున్నం! "ఏం వదినా, కింద మాత్రమే వేయించారేం?" అంటే ఇంటావిడ నవ్వేసింది. పక్కింటి ముసలమ్మ నవ్వలేదు, చెయ్యి పెట్టి చూపించింది: "పెన్నకి నీళ్ళొచ్చినప్పుడు ఇందాక వచ్చినయ్ తల్లే." 2021 నవంబరు వరద సంగతి. ఆ వారం పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్టనే కోసేస్తే ఈ ఇల్లొక లెక్కా! వరద వచ్చిన ఇల్లు కొనకూడదని కాదు. 1989 నవంబరు తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు మేం కావలిలోనే అద్దెకున్నాం. పెంకులు ఎగిరిపోయిన ఇంట్లో పిల్లని మంచం కింద పడుకోబెట్టుకుని రాత్రి గడిపినదాన్ని. ఈ తీరంలో నీళ్ళూ గాలీ తాకని ఇల్లు ఎక్కడుంది? కానీ తెలిసి కొనటం వేరు, సున్నం చాటున కొనటం వేరు. అమ్మేవాడు తనకి తెలిసిన లోపం, మనకి మామూలుగా చూస్తే తెలియనిది, దాచకుండా చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉందట. చట్టంలో ఉన్నా, అడగందే నోరు విప్పేవాళ్ళు తక్కువ.

రెండోది బావి. మన తీరంలో 1990 ప్రాంతాల్లో రొయ్యల గుంటలు వెల్లువలా వచ్చాయి. వాటివల్ల తాగే నీళ్ళు ఉప్పబారుతున్నాయన్న వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1996 డిసెంబరులో తీర్పు కూడా వచ్చింది. అంచేత ఒక సీసా నిండా బావినీళ్ళు ఇంటికి పట్టుకొచ్చి, రెండు గిన్నెల్లో సమంగా కందిపప్పు పోసి, ఒకదాన్లో మా నీళ్ళు, ఒకదాన్లో ఆ నీళ్ళు పెట్టి పొయ్యి మీదికెక్కించాను. మావారు "లాబరేటరీ పెట్టావా?" అని వేళాకోళం చేశారు. మా నీళ్ళలో పప్పు వెన్నలా ఉడికింది. ఆ నీళ్ళలో గంటైనా పలుకుపలుకుగానే ఉంది. లవణాలెక్కువైన నీళ్ళలో పప్పు మెత్తబడదు, సబ్బు నురగ రాదు. ఇంజనీరు అక్కర్లేదు, ఇది వంటింటి శాస్త్రం. ఇల్లు చూడటానికి వర్షాకాలంలో కాక మే నెలలో వెళ్ళటం కూడా అందుకే మంచిది. బావి అసలు రుచి అప్పుడే తెలుస్తుంది.

మూడోది అంకణం. మన నెల్లూరులో ఇళ్ళస్థలాలు అంకణాల్లో కొలుస్తాం. అంకణమంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు అదే అంకణం 36 అడుగులే. ఒకే మాట, రెండు కొలతలు! అమ్మేవాళ్ళు 30 అంకణాలన్నారు. నేను చీరకొంగు నడుముకి చుట్టి టేపు పట్టుకుంటే మావారు అటు కొస పట్టుకున్నారు. మాకు ఇరవై ఎనిమిదిన్నర వచ్చింది. మిగిలిన ఒకటిన్నర అంకణం ఎప్పుడో వీధిలో కలిసిపోయింది కాబోలు.

ఇక నాలుగోది. అసలు కథ ఇదే. అది నాకు ఒక స్టీలు గ్లాసులో దొరికింది.

ఇంటావిడ కాఫీ ఇచ్చింది. ఆ గ్లాసు మీద పేరు చెక్కి ఉంది. మన ఇళ్ళల్లో అలవాటే కదా, గ్లాసు నుంచి గంగాళం దాకా పేరు వేయించటం. మగవాళ్ళు దస్తావేజులు చదువుతారు, మనం గిన్నెలు చదువుతాం. ఆ పేరు ఆవిడది కాదు, వాళ్ళమ్మాయిదీ కాదు. "ఇదెవరు వదినా?" అన్నాను మామూలుగానే. "మా ఆడబిడ్డ. సూళ్ళూరుపేటలో ఇచ్చారు" అంది. అప్పటిదాకా మేం విన్నది అన్నదమ్ములిద్దరే అని. తండ్రి కట్టిన ఇల్లు, తండ్రి పోయారు, తల్లీ పోయింది, ఇద్దరు కొడుకులూ సంతకం పెడతారు, చాలన్నారు. కూతురి మాటే రాలేదు. అబద్ధమాడారని కాదు, లెక్కలోకి రాలేదు, అంతే.

తండ్రి స్వార్జితంగా కట్టుకున్న ఇల్లు, వీలునామా రాయకుండా పోతే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారమే కూతురికీ కొడుకుకీ సమాన వాటా. ఇంటి విషయంలో మాత్రం, మగపిల్లలు పంచుకుందామని అనుకునేదాకా ఆడపిల్ల పంపకం అడగరాదని అందులో ఒక మెలిక ఉండేది. 2005లో ఆ మెలిక తీసేశారు. అంటే ఆ ఇంట్లో మూడోవంతు సూళ్ళూరుపేటలో ఉందన్నమాట. ఆ సంగతి బయానా ముందు తెలిస్తే ఒక షరతు. తర్వాత తెలిస్తే ఒక దావా.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద రభస. నేను నోటు పుస్తకంలోంచి ఒక కాయితం చింపి షరతులు రాస్తున్నాను. మావారు గుమ్మంలో నిలబడి, "ఇన్ని రాస్తే మనం అనుమానిస్తున్నామనుకోరూ? మర్యాదస్తులు" అన్నారు.

"1994లో వాళ్ళూ మర్యాదస్తులే" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మాట నేననటం అదే మొదటిసారి. ఆయన ఇంకేం మాట్లాడలేదు. నాకే కష్టమనిపించి, "అది కాదండీ, పోట్లాడుకోటానికి మంచి సమయం ఇంకా పోట్లాట లేనప్పుడే. ఇప్పుడైతే ఇద్దరికీ కోపం లేదు, నిదానంగా అడగొచ్చు, నిదానంగా కాదనొచ్చు" అన్నాను.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి కూడా ఫోనులో అదే చెప్పింది. అక్కడ ఇల్లు కొంటామని ఇచ్చే కాయితంలోనే షరతులు పెట్టుకుంటారట: ఇల్లు తనిఖీ చేయిస్తాం, అప్పు మంజూరు కాకపోతే బయానా తిరిగివ్వాలి, బ్యాంకు కట్టిన విలువ ధరకి తగ్గితే మళ్ళీ మాట్లాడుకోవాలి, ఇలాగ. 2021లో ఇళ్ళకి పోటీ ఎక్కువై, మాకే అమ్మండంటూ ఆ షరతులన్నీ వదులుకుని కొన్నవాళ్ళున్నారట. మా అమ్మాయి వీధిలోనే ఒకరు తనిఖీ వదులుకుని కొంటే, మొదటి వానకే నేలమాళిగలో మోకాలి లోతు నీళ్ళు. ఎక్కడైనా ఇల్లు ఇల్లే, నీళ్ళు నీళ్ళేనండీ.

మర్నాడు రిజిస్ట్రారాఫీసు పక్కన దస్తావేజు లేఖరి దగ్గర అందరం కూర్చున్నాం. ఆయన నా కాయితం చదివి కళ్ళజోడు పైకి నెట్టి, "ఈ అమ్మ ఆరు షరతులు రాశారే!" అన్నాడు. ఆ ఆరూ మీకూ పనికొస్తాయని చెబుతున్నాను.

ఒకటి, అసలు దస్తావేజులన్నీ, లింకులతో సహా చూపించాలి. ముప్ఫై ఏళ్ళకి ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ తీయాలి. మన రాష్ట్రంలో 1983 నుంచి కంప్యూటర్లో దొరుకుతుంది. అంతకు ముందుది రిజిస్ట్రారాఫీసులో పుస్తకాలు వెతికించుకోవాలి. అయితే ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనపడతాయి. రిజిస్టరు కాని వీలునామా, చేతి అప్పు, నోటిమాట అందులోకి రావు. అందుకే అసలు కాయితాలు కళ్ళతో చూడాలి. అసలు లేకుండా జిరాక్సు చూపిస్తున్నారంటే, అసలు ఎక్కడో తాకట్టులో ఉందేమో కనుక్కోవాలి.

రెండు, ధర అంకణానికి ఇంతని. మొత్తం ఎంతన్నది సర్వేయరు కొలిచాకే.

మూడు, బ్యాంకు లాయరు కాయితాలు బాగాలేవన్నా, అప్పు మంజూరు కాకపోయినా బయానా పూర్తిగా తిరిగివ్వాలి.

నాలుగు, ఇంటిపన్ను, కరెంటు బాకీలు రిజిస్ట్రేషను నాటికి వాళ్ళవే. ఇల్లు ఖాళీ చేసి తాళం ఇవ్వాలి.

అయిదు, గడువు తొంభై రోజులు. ఆ లోపల వాళ్ళ వల్ల ఆగితే వాళ్ళేం చెయ్యాలో, మా వల్ల ఆగితే మేమేం వదులుకోవాలో రెండూ రాయాలి. షరతు ఒకవైపే ఉంటే అది షరతు కాదు, పెత్తనం.

ఆరు, వారసులందరూ, చెల్లెలితో సహా, అమ్మకందార్లుగా సంతకం పెట్టాలి. తహసీల్దారు దగ్గర కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకోవాలి.

అయిదింటిదాకా పెద్దాయన తల ఊపాడు. ఆరోది వినగానే లేచి నిలబడ్డాడు. "మా చెల్లి సంగతి మీకెందుకమ్మా? దానికి పెళ్ళప్పుడే అన్నీ పెట్టాం. ఏనాడన్నా అది అడిగిందా?"

మావారు నావైపు బతిమాలుతున్నట్టు చూశారు. నా గొంతు వణికింది గానీ అన్నాను: "అడగలేదు నిజమే అన్నా. కానీ రేపెప్పుడో అడిగితే, ఆమె కోర్టుకి లాగేది మిమ్మల్ని ఒక్కళ్ళనే కాదు, నన్ను కూడా. నేను ఆమె మొహం కూడా ఎరగను."

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. లేఖరి పెద్దమనిషి తరహాలో, "అమ్మ చెప్పింది సబబే రెడ్డిగారూ, రేపు నేను రాసిన కాయితం మీదనే గదా కూర్చునేది" అన్నాడు. పెద్దాయన కూర్చున్నాడు. లక్ష రూపాయలు బయానా, చెక్కుతో. రొక్కం ఇవ్వాలని మావారికి పాత అలవాటు. కానీ స్థిరాస్తికి ఇరవై వేలు, ఆ పైన రొక్కంగా పుచ్చుకోకూడదని 2015 నుంచి ఆదాయపు పన్ను చట్టం. చెక్కయితే బ్యాంకు పుస్తకమే సాక్ష్యం చెబుతుంది.

అగ్రిమెంటు చేతికొచ్చింది కదా అని ఇల్లు మనదైపోలేదు. అగ్రిమెంటు అమ్ముతామన్న మాటే గానీ అమ్మకం కాదు. నేను మాత్రం మనసులో ఆ వసారాలో ఉయ్యాల కూడా కట్టేశాను.

డెబ్భై రోజులు గడిచాయి. అన్నదమ్ముల దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. శ్రావణ శుక్రవారం సాయంత్రం, పేరంటాళ్ళు వెళ్ళిపోయాక ఒకావిడ గుమ్మంలో నిలబడింది. యాభై ఏళ్ళుంటాయి, చేతిలో చిన్న సంచి. "అక్కా, నా సంతకం కావాలని రాసింది మీరేనా?" అంది.

పేరు అడగలేదు నేను. గ్లాసు మీద చదివాను కదా!

కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. సంచిలోంచి ఒక కాయితం తీసింది. హక్కు విడుదల పత్రం. పదివేల రూపాయలూ ఒక చీరా పుచ్చుకుని, ఇంటి మీద తనకే హక్కూ లేదని రాసిచ్చినట్టు. ఇంకా సంతకం పెట్టలేదు. "మా ఆయనకి ఒంట్లో బాగలేదు. మా వాటా ఇమ్మని అడిగితే పెద్దన్న మాట్లాడ్డం మానేశాడు. నేను సంతకం పెట్టేస్తే మీకు ఇల్లు వచ్చేస్తుందంట. మీరే చెప్పండక్కా, పెట్టేయనా?"

మీతో నిజం చెప్పుకోవాలి. ఆ క్షణాన నాకు ముందు గుర్తొచ్చింది న్యాయం కాదు, వసారా. "పెట్టెయ్యమ్మా" అంటే చాలు, నా మేకు నా గోడకి. నా షరతు అక్షరాలా తీరిపోయినట్టే. బ్యాంకు కూడా ఏమీ అనదు. నాలిక చివరిదాకా వచ్చిందా మాట.

కానీ నేనూ ఒక సంతకం పెట్టి ఉన్నాను. 1996లో, మా నాన్న పోయిన మరుసటి సంవత్సరం. బుచ్చిరెడ్డిపాళెంలో మా ఇల్లు అమ్ముతూ మా అన్నయ్య ఒక కాయితం తెచ్చి, "ఇక్కడొక సంతకం పెట్టమ్మా" అంటే పెట్టాను. కొత్త చీర, జాకెట్టు ముక్క, అయిదు వందల పదహార్లు ఇచ్చాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాడు. ఆ కాయితంలో ఏముందో నేను చదవలేదు. నేను చదవాలని ఎవరికీ తోచలేదు, నాతో సహా. నా గాజులు పోయిన రెండేళ్ళకే పుట్టిల్లు కూడా అలా పోయింది. గాజులకి ఏడ్చాను. ఇంటికి ఏడవటానికి, పోయిందని తెలిస్తే కదా!

"ఇది చదివావా?" అన్నాను.

"పూర్తిగా లేదు" అంది.

"చదువు. చదివాక కూడా నీకు ఇష్టమైతేనే పెట్టు. నా ఇంటికోసం మాత్రం పెట్టకు."

వెళ్ళేటప్పుడు పసుపూ కుంకుమా, తాంబూలం ఇచ్చాను. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి, వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఆ ఇల్లు పోయిందని నాకు తెలిసిపోయింది.

తొంభయ్యో రోజున పెద్దాయన వచ్చాడు. కూర్చోలేదు. లక్ష రూపాయల చెక్కు మావారి చేతికిచ్చి, "కాయితంలో రాసుకున్న ప్రకారం" అని వెళ్ళిపోయాడు. మావారు ఆ చెక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఇల్లు రాలేదు, కానీ ఎవరితోనూ శత్రుత్వం రాలేదు. రెండు కుటుంబాలూ తలెత్తుకునే విడిపోయాయి. 1994కీ దీనికీ తేడా ఎంత? ఆరు వాక్యాలు, ఒక స్టాంపు కాయితం. "నీ గాజులు ఈ పూట తిరిగొచ్చినట్టుంది" అన్నారు మావారు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత ఆ మాట ఆయన నోట వినటం ఇల్లు కొన్నదానికంటే తక్కువేం కాదు.

మేం ఇంకో ఇంటికోసం వెతుకుతూనే ఉన్నాం. సంక్రాంతి వెళ్ళిన వారానికి ఫోను వచ్చింది. ఆ ఇల్లు ఇంకొకళ్ళు కొనబోతే, వాళ్ళ బ్యాంకు లాయరు కూడా చెల్లెలి సంతకమే అడిగాడట. అన్నదమ్ములు సూళ్ళూరుపేట వెళ్ళి కూర్చుని మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు. 2023 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషను నాడు ముగ్గురూ వచ్చారు. ఆమె హక్కు వదులుకున్న మనిషిగా కాదు, అమ్మకందారుగా, అన్నల పక్కన కుర్చీలో కూర్చుంది. ధర ఇరవై ఎనిమిదిన్నర అంకణాలకే. మూడు చెక్కులు, ముగ్గురి పేరా, విడివిడిగా. అన్నాచెల్లెళ్ళు ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకోలేదు. కానీ మధ్యాహ్నం అన్నం వేళ పెద్దాయన, "దానికి కారం పడదు, పెరుగు తెప్పించండి" అని ఎవరికో చెప్పటం మాత్రం నేను విన్నాను.

ఇప్పుడు ఈ నాలుగు ముక్కలూ ఆ వసారాలో కూర్చునే రాస్తున్నాను. బావినీళ్ళు గిన్నెలకీ బట్టలకే, పప్పుకి క్యాను నీళ్ళు. తెలిసే కొన్నాం కనక బాధ లేదు. బీరువా కింద నడుమెత్తు దిమ్మె కట్టించాం, పెన్నమ్మ మళ్ళీ వచ్చినా కాయితాలు తడవకుండా. ఊళ్ళో ఎవరు ఇల్లు కొంటున్నారన్నా మావారు పిలిచి మరీ, "షరతులు రాయించుకున్నారా?" అని అడుగుతున్నారు, అవేవో ఆయనే కనిపెట్టినట్టు!

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. రిజిస్ట్రేషను ముందు లేఖరి చిత్తుప్రతి చదివి వినిపించాడు. ఈసారి ప్రతి అక్షరం విన్నాను. చివర్లో, కొన్నవాళ్ళు ఆ ఇంటిని "పుత్ర పౌత్ర పారంపర్యంగా" అనుభవించుకోవచ్చని వచ్చింది. మాకున్నది ఒక్కగానొక్క ఆడపిల్ల!

"అయ్యా, పుత్రికా అని కూడా రాయండి" అన్నాను.

ఆయన నవ్వాడు. "అది పాత వాడుక మాటమ్మా. రాసినా రాయకపోయినా చట్టం ఒకటే."

"ఒకటే అయితే, రాయండి బాబూ" అన్నాను.